రోబిగస్: పైరు తెగులుకు రోమన్లు మొక్కిన దేవుడు

రోబిగస్ ప్రాచీన రోమన్ మతంలో ఒక చిన్న దేవుడు. గోధుమ, బార్లీ పైర్లకు పట్టే తుప్పు తెగులు ఆయన అధీనంలో ఉంటుందని రోమన్లు నమ్మేవారు. ఏటా ఏప్రిల్ 25న రోమ్ నగరం వెలుపల ఒక వనంలో కుక్కను, గొర్రెను బలి ఇచ్చి, తెగులును పైరు మీదికి రానివ్వవద్దని వేడుకునేవారు. ఈ పండుగ పేరు రోబిగాలియా. రోబిగస్ గురించి పురాణగాథలేవీ లేవు. తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, వీరకార్యాలు ఏవీ ఆయనకు చెప్పలేదు. ఉన్నదల్లా ఒక పేరు, ఒక తేదీ, ఒక స్థలం, ఒక పని. అయినా రోమన్ సేద్యగాడు దేనికి భయపడేవాడో, పొలాన్ని ఎంత శ్రద్ధగా గమనించేవాడో తెలుసుకోవాలంటే జూపిటర్ కంటే, మార్స్ కంటే ఈయనే మనకు ఎక్కువ చెబుతాడు.

పేరు, స్వరూపం

లాటిన్‌లో ఇనుముకు పట్టే తుప్పునూ, పైరుకు పట్టే తుప్పు తెగులునూ ‘రోబిగో’ అనే అంటారు. దేవుడి పేరు దాన్నుంచే వచ్చింది. అయితే ఆ పేరు దేవుడిదా, దేవతదా అన్న విషయంలో రోమన్ రచయితలే ఒక మాట మీద లేరు. పండితుడు వర్రో, వ్యాసకర్త ఆలస్ గెలియస్ పురుషుడిగా రోబిగస్ అన్నారు. కవి ఓవిడ్, వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా, తరువాతి కాలపు క్రైస్తవ రచయితలు టెర్టూలియన్, అగస్టీన్ స్త్రీమూర్తిగా రోబిగో అన్నారు. రోమన్లకు ఇది అంత ఇబ్బంది కలిగించిన సంగతి కాదు. ఎదుట ఉన్న శక్తి ఎవరో తేలనప్పుడు, దేవుడైనా సరే దేవతైనా సరే అని రెండు విధాలా సంబోధించే పద్ధతి వారి ప్రార్థనల్లోనే ఉంది.

అసలు చిక్కు మరొకటి. ఈయన తెగులును తెచ్చేవాడా, తరిమేవాడా? క్రీ.శ. 2వ శతాబ్దంలో గెలియస్ దేవుళ్లను రెండు తెగలుగా చెప్పాడు. మేలు చేయమని కొలిచేవారు కొందరు, కీడు తగలకుండా శాంతింపజేసుకోవలసినవారు కొందరు. రెండో తెగలో ఆయన రోబిగస్ పేరు చేర్చాడు. ఓవిడ్ కావ్యంలో అర్చకుడు ఆ దేవతను గజ్జి పట్టిన చేతులు పైరు మీది నుంచి తీసెయ్యమని బతిమాలుతాడు. అంటే అక్కడ ఆమే తెగులు. ఇంకొన్నిచోట్ల రోబిగస్ తెగులును మళ్లించే రక్షకుడిగా కనిపిస్తాడు. మశూచిని పోసేదీ, చల్లార్చేదీ అమ్మవారే అని నమ్మిన మన పల్లెలకు ఈ ఊహ కొత్తది కాదు. కీడు చేయగల శక్తి ఎవరిదో, దాన్ని ఆపగల శక్తీ వారిదే.

రోమన్ మతంలో ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క దేవుడు ఉండటం మామూలే. అగస్టీన్ తన ‘దైవనగరం’ గ్రంథంలో వీరిని ఎగతాళి చేయడానికే ఒక పట్టిక ఇచ్చాడు. గోధుమ మొలకెత్తేటప్పుడు ప్రోసెర్పినా, కాడకు కణుపులు వచ్చేటప్పుడు నోడుటస్, కంకి పొరలో చుట్టుకుని ఉన్నప్పుడు వొలుటినా, పొర విచ్చుకుని వెన్ను బయటికి వచ్చేటప్పుడు పటెలానా, పూతకు ఫ్లోరా, గింజ పాలు పోసుకునేటప్పుడు లాక్టుర్నస్. పొలంలో ముళ్లు ఏరేయడానికి స్పినియెన్సిస్, తెగులు దగ్గరికి రాకుండా రోబిగో. ఒక్క దేవుడితో అయ్యే పనికి ఇంతమంది ఎందుకని ఆయన వాదన. కానీ సేద్యం తెలిసినవారు ఆ పట్టికను చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. పైరు ఎదుగుదలలో ఏ దశ ఎప్పుడు వస్తుందో, ఏ దశలో ఏ ఆపద పొంచి ఉంటుందో వరస తప్పకుండా అందులో ఉంది. ఎగతాళికి రాసినా, ఆ పరిశీలన మనకు దక్కడానికి అగస్టీనే కారణమయ్యాడు.

వీరిలో చాలామంది పేర్లకే పరిమితమైపోగా రోబిగస్‌కు మాత్రం రాజ్యం తరఫున పండుగ దక్కింది. క్రీ.పూ. 37లో, తన 80వ ఏట రాసిన వ్యవసాయ గ్రంథం మొదట్లో వర్రో రైతుకు ముఖ్యమైన పన్నెండుగురు దేవతలను జంటలుగా స్మరించాడు. జూపిటర్, భూదేవి టెల్లస్ మొదటి జంట. సూర్యచంద్రులు, ధాన్యదేవత సిరిస్, ద్రాక్షసారా దేవుడు లీబర్ తరువాతివారు. నాలుగో జంట రోబిగస్, ఫ్లోరా. వీరిద్దరూ ప్రసన్నంగా ఉంటే పైరుకూ చెట్లకూ తెగులు సోకదని, అదనుకు పూత రాకుండా పోదని వర్రో భావం. పూత దేవతను, తెగులు దేవుడిని పక్కపక్కన నిలపడంలో అర్థముంది. రోబిగాలియా ఏప్రిల్ 25 అయితే ఫ్లోరా ఉత్సవం ఏప్రిల్ 28న మొదలయ్యేది. పైరు పూతకొచ్చే రోజులే తెగులు తగిలే రోజులు.

పండుగ జరిగిన తీరు

రోబిగాలియా గురించి నికరమైన సమాచారం ఒక చలువరాతి పంచాంగంలో ఉంది. అగస్టస్ చక్రవర్తి మనుమలకు గురువైన వెర్రియస్ ఫ్లాకస్ ఈ పంచాంగాన్ని రోమ్‌కు తూర్పున ఉన్న ప్రైనెస్టె పట్టణంలో ప్రతిష్ఠింపజేశాడు. దాని ముక్కలు 18వ శతాబ్దంలో తవ్వకాల్లో దొరికాయి. ఏప్రిల్ 25 కింద అందులో ఉన్న సంగతులు ఇవి: క్లాడియా రహదారి మీద అయిదో మైలురాయి దగ్గర రోబిగస్‌కు పండుగ, పైరుకు తుప్పు హాని చేయకూడదని దాని ఉద్దేశం, బలితో పాటు పెద్దలకూ చిన్నవారికీ పరుగు పందాలు. అదే రోజు వేశ్యావాటికల కుర్రాళ్ల పండుగ అని కూడా ఉంది. అంతకుముందటి పండుగ, ఏప్రిల్ 23 నాటి వినాలియా, వేశ్యలది కావడమే దానికి కారణమట.

రోమన్ మైలు సుమారు 1.48 కిలోమీటర్లు. అంటే నగరం నుంచి ఏడు కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్లేవారు. ఊరి నడిబొడ్డున బోలెడు గుళ్లుండగా అంత దూరం ఎందుకు? ఇతర పండుగలను కలిపి చూస్తే జవాబు తోస్తుంది. సరిహద్దు దేవుడు టెర్మినస్‌కు లారెంటం దారిలో ఆరో మైలురాయి దగ్గర బలి ఇచ్చేవారని ఓవిడ్ చెప్పాడు. అయిదు, ఆరు మైలురాళ్ల నడుమ ఉన్న ఒక చోటు పాతకాలపు రోమ్ భూములకు పొలిమేర అని, పొలాలను చుట్టివచ్చే అంబర్వాలియా క్రతువు అక్కడ కూడా జరిగేదని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. రోబిగస్ వనం కూడా ఆ పాత పొలిమేర మీదనే ఉండి ఉంటుందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఇది నాకు సబబుగా తోస్తుంది. తెగులును పొలిమేర దాటి లోపలికి రానివ్వకూడదనుకున్నవారు పొలిమేర దగ్గరే దాన్ని ఎదుర్కొంటారు.

క్రతువును దగ్గరగా చూపించినవాడు ఓవిడ్. రోమన్ పంచాంగాన్ని పద్యాల్లో చెప్పిన ‘ఫాస్టి’ నాలుగో భాగంలో, తాను నోమెంటం ఊరి నుంచి రోమ్‌కు తిరిగి వస్తుండగా తెల్లబట్టలు కట్టిన జనం దారి పొడవునా ఎదురయ్యారని రాశాడు. ముందు నడుస్తున్నది ఫ్లామెన్ క్విరినాలిస్, అంటే క్విరినస్ దేవుడి అర్చకుడు. కుక్క పేగులు, గొర్రె పేగులు అగ్నికి అర్పించడానికి రోబిగో వనానికి బయలుదేరాడు. ఏమిటీ తంతు అని కవి దగ్గరికి వెళ్లి చూస్తాడు. అర్చకుడి కుడిచేతి మీద పోగులు లేచిన గరుకు తుండు ఉంది. పక్కన ద్రాక్షసారా పాత్ర, సాంబ్రాణి పెట్టె. ప్రార్థన ముగిశాక సాంబ్రాణి, ద్రాక్షసారా, గొర్రె పేగులు, చివరికి చూడటానికే ఏవగింపైన కుక్క పేగులు ఒక్కొక్కటే నిప్పులో పడ్డాయి.

ఆ ప్రార్థనలో అర్చకుడు మొదట లేత పైరును వదిలిపెట్టమంటాడు. కొడవలికి వచ్చేదాకా దాన్ని ఎదగనివ్వమంటాడు. నీవు ఒకసారి గుర్తు పెట్టిన పైరును రైతు పోయినట్టే లెక్కేసుకుంటాడని ఒప్పుకుంటాడు. గాలివాన కంటే, మంచు కంటే, తడిసిన కాడల మీద ఎండ కాసినప్పుడు కలిగే నష్టమే ఎక్కువని చెబుతాడు. తినాలనుకుంటే కత్తులనూ ఈటెలనూ తినమని, దేశం శాంతిగా ఉంది కనుక వాటితో పని లేదని, నాగలి కర్రు, పార మాత్రం తళతళలాడాలని కోరతాడు. ఇందులో కొంత అగస్టస్ కాలపు శాంతికి కవి పాడిన పాట అనుకోవచ్చు. తడి కాడల మీద ఎండ అన్న మాట మాత్రం పొలం గట్టు మీద నిలబడి చూసినవారి మాట. దాని సంగతి తరువాత వస్తుంది.

నోమెంటం దారి రోమ్‌కు ఈశాన్యంలో ఉంది. క్లాడియా రహదారి వాయవ్యంగా పోతుంది. నోమెంటం నుంచి వచ్చేవాడికి అటు పోయే ఊరేగింపు ఎలా ఎదురైంది? క్రతువు రెండుచోట్ల జరిగేదని కొందరు పండితులు అన్నారు. క్లాడియా, ఫ్లామినియా దారులు కలిసే చోట ఓవిడ్‌కు ఒక తోట ఉండేది కాబట్టి ఆయన అటు వెళ్తూ చూసి ఉంటాడని మరికొందరు సర్దిచెప్పారు. ఎదురుపడటమే కవి కల్పన అన్నవారూ ఉన్నారు. కథ చెప్పడానికి కవి ఒక దారిని ఎంచుకున్నాడని, క్రతువు వివరాలు మాత్రం తెలిసి రాసినవేనని అనుకుంటే పేచీ ఉండదు.

ఫ్లామెన్ క్విరినాలిస్ ఈ క్రతువు చేయడం చిన్న విషయం కాదు. జూపిటర్, మార్స్, క్విరినస్ అర్చకులు ముగ్గురూ రోమన్ ఫ్లామెన్లలో అగ్రశ్రేణివారు. ఆగస్టు 21న, నేల కింద బలిపీఠం ఉన్న కాన్సస్ దేవుడికి అగ్నిదేవత వెస్టాను కొలిచే కన్యలతో కలిసి బలి ఇచ్చేదీ ఈ అర్చకుడే. కాన్సస్ కోతకోసి దాచిన ధాన్యానికి దేవుడు. పైరు నిలబడి ఉన్న ఏప్రిల్ నుంచి గింజ పాతరకు చేరే ఆగస్టు దాకా ధాన్యం బాగోగులు చూసే బాధ్యత ఒకే అర్చకుడికి ఉన్నట్టు దీన్నిబట్టి ఊహించవచ్చు. దేవుడు చిన్నవాడే అయినా ఊరి తిండి చిన్నది కాదు కదా.

కుక్క బలి

రోమన్లు సాధారణంగా దేవుళ్లకు ఎద్దు, గొర్రె, పంది బలి ఇచ్చేవారు. కుక్కను బలి ఇవ్వడం అరుదు. ఫిబ్రవరిలో వచ్చే లూపెర్కాలియాలోను, జెనిటా మానా అనే దేవతకు చేసే పూజలోను కుక్కబలి ఉండేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రోబిగాలియాలో కుక్క ఎందుకని ఓవిడ్ అడిగితే అర్చకుడు నక్షత్రాన్ని చూపించాడు. ఆకాశంలో శునక నక్షత్రం, మనవాళ్లు లుబ్ధకం అనే సిరియస్, ఉదయించేటప్పుడు భూమి మలమల మాడి పంట అకాలంలో పండిపోతుంది, ఆ చుక్కల కుక్కకు బదులు ఈ కుక్కను పీఠమెక్కిస్తున్నాం అన్నాడు.

ఖగోళం ప్రకారం ఇది పొసగదు. ఇటలీలో సిరియస్ తెల్లవారుజామున ఉదయించేది నడివేసవిలో. ఏప్రిల్ చివర్లో అది సాయంత్రంపూట పడమట దిగిపోతూ, కొద్ది రోజుల్లో కనుమరుగవుతుంది. ప్రకృతి విజ్ఞాన గ్రంథకర్త ప్లినీ దీన్ని సరిగ్గా చెప్పాడు. ఈ తేదీకి అసలు కారణం శునక నక్షత్రం అస్తమించడమేనని రాశాడు.

నక్షత్రంతో పాటు కుక్క రంగు కూడా ఆలోచించదగినది. రోమ్‌లో కాటులారియా అనే ద్వారం ఉండేది. పైరుకు పగదైన శునక నక్షత్రాన్ని శాంతింపజేయడానికి దాని సమీపంలో ఎర్రని ఆడకుక్కలను బలి ఇచ్చేవారని, పచ్చబారుతున్న పంట చేతికందాలని కోరుకునేవారని ఫెస్టస్ నిఘంటువు ద్వారా తెలుస్తోంది. కొలుమెల్లా తోటల గురించిన పద్యాల్లో పాలు తాగే కుక్కపిల్ల నెత్తురుతో రోబిగోను శాంతింపజేయడం గురించి చెప్పాడు. ఎర్రని తెగులుకు ఎర్రని జంతువును ఇచ్చి చెల్లుపెట్టడం ఇందులోని ఊహ కావచ్చు.

అర్చకుల దస్త్రాలను ఆధారం చేసుకుని ప్లినీ చెప్పిన మరో నియమం ఇంకా ఆసక్తికరం. కుక్కతో చూసే ఒక శకునానికి అర్చకులు పెట్టే ముహూర్తం గింజ కాడ పొరలోకి వచ్చాక, ఆ పొర చీల్చుకుని వెన్ను బయటపడకముందు అయి ఉండాలట. తెలుగు రైతు మాటల్లో ఇది పైరు పొట్ట మీద ఉన్న దశ. ఈ శకునం, రోబిగాలియా ఒకటేనా కాదా అన్నది పండితుల్లో తేలలేదు. ఏదైనా అర్చకులు పొలం చూసి ముహూర్తం పెట్టారు. జూలియస్ సీజర్ క్రీ.పూ. 46లో పంచాంగాన్ని సవరించే దాకా రోమన్ నెలలు రుతువులతో సరిగ్గా కుదిరేవి కావు. అలాంటప్పుడు పైరు దశను చూసి రోజు నిర్ణయించడమే తెలివైన పని.

తెగులు గురించి వారికి తెలిసినది

గోధుమ కాడలకు పట్టే తుప్పు తెగులును కలిగించేది పుక్సీనియా గ్రామినిస్ అనే శిలీంధ్రం. కాడ మీద, ఆకు తొడుగుల మీద ఇటుకరంగు పొక్కులు లేచి పైపొరను చీల్చుకుని బయటపడతాయి. వేలితో రుద్దితే ఎర్రని పొడి అంటుకుంటుంది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక సిద్ధబీజం. అది గాలిలో వందల కిలోమీటర్లు పోగలదు. చిరిగిన పైపొర నుంచి నీరు ఆవిరైపోతుంది, గింజకు చేరవలసిన పోషకాలను శిలీంధ్రం తినేస్తుంది. పంట చివరికొచ్చేసరికి ఎర్రపొడి స్థానంలో నల్లని బీజాలు వస్తాయి, కాడలు విరిగి పడతాయి, గింజ తాలుగా మిగులుతుంది.

సిద్ధబీజం మొలకెత్తడానికి ఆకు మీద కొన్ని గంటలపాటు తడి ఉండాలి. 15 నుంచి 24 డిగ్రీల వేడి దానికి అనుకూలం. ఆ తరువాత మొక్క లోపలికి చొచ్చుకుపోవడానికి వెలుతురు, మరికాస్త వేడి కావాలి. రాత్రి మంచు, పొద్దున ఎండ. ఓవిడ్ అర్చకుడు చెప్పినది ఇదే. ప్లినీ కూడా మంచు ఎక్కువగా కురిసే నేలల్లో, గాలి ఆడని లోయల్లో తుప్పు తరచుగా వస్తుందని, గాలి తగిలే ఎత్తు నేలల్లో రాదని రాశాడు. ఆయన కంటే మూడు శతాబ్దాల పైచిలుకు ముందే గ్రీసులో తత్వవేత్త థియోఫ్రాస్టస్ అదే తేడాను గుర్తించాడు. కారణం దగ్గరికి వచ్చేసరికి దారి తప్పారు. మంచును ఎండ కాల్చడం వల్లనే తుప్పు వస్తుందని చాలామంది అంటే, కాదు చలి వల్ల అని ప్లినీ వాదించాడు. సూక్ష్మదర్శిని లేని రోజుల్లో అంతకు మించి ఎవరు మాత్రం చూడగలరు?

పైర్ల తెగుళ్లన్నిటిలోకి తుప్పే ఘోరమైనదని చెప్పిన ప్లినీ దానికి ఒక విరుగుడు కూడా ఇచ్చాడు. పొలంలో లారెల్ కొమ్మలు పాతితే తెగులు పైరును వదిలి ఆ ఆకుల మీదికి పోతుందట. ఇది పనిచేసే వైద్యం కాదు. కవి వర్జిల్ కూడా సేద్యపు కావ్యం ‘జార్జిక్స్’లో రైతు కష్టాలు చెబుతూ కాడలను తినే తుప్పును తలచుకున్నాడు.

తెగులు రోమ్ కంటే పాతది. ఇజ్రాయెల్‌లో తవ్వకాల్లో దొరికిన సుమారు 3,300 ఏళ్లనాటి గోధుమ అవశేషాల మీద ఈ శిలీంధ్రాన్ని గుర్తించినట్టు 1982లో ప్రకటించారు. రోగకారకం ఏమిటో తెలిసింది కూడా ఇటలీలోనే. 1766లో టస్కనీలో తుప్పు తెగులు పంటను నాశనం చేసింది. మరుసటి ఏడాది ఫెలిచె ఫోంటానా, జియోవాని టార్జియోని టోజెట్టి ఎవరికి వారుగా పరిశీలించి, తుప్పు అనేది గోధుమ మీద బతికే సూక్ష్మమైన పరాన్నజీవి అని తేల్చారు. ఆ శిలీంధ్రం బార్బెరీ పొద మీద తన జీవితంలో ఒక భాగం గడుపుతుందని 1865లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ నిరూపించాడు. తుప్పును తట్టుకునే గోధుమల కోసం 20వ శతాబ్దంలో శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో చేసిన కృషి హరిత విప్లవానికి పునాదుల్లో ఒకటి. 1998లో ఉగాండాలో కనిపించిన యూజీ99 అనే కొత్త రకం ఆ రక్షణలో ముఖ్యమైనదాన్ని ఛేదించగలిగింది. వేరుశనగ వేసే తెలుగు రైతులకు తెలిసిన తుప్పు తెగులు కూడా ఈ పుక్సీనియా ప్రజాతిలోనిదే, శిలీంధ్రం మాత్రం వేరు.

పుట్టుక, మార్స్‌తో సంబంధం

రోబిగాలియాను రోమ్ రెండో రాజు నూమా తన పాలన 11వ ఏట నెలకొల్పాడని ప్లినీ రాశాడు. మత సంస్థలన్నీ నూమాకే కట్టబెట్టడం రోమన్లకు అలవాటు కనుక దీన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు. పండుగ చాలా పాతదని వారు భావించారు, అంతవరకు నిజం.

నూమా ఈ క్రీడలను మార్స్‌కూ రోబిగోకూ కలిపి పెట్టాడని టెర్టూలియన్ అన్నాడు. మార్స్‌ను మనం యుద్ధదేవుడిగానే ఎరుగుదుం. కానీ క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో రాసిన వ్యవసాయ గ్రంథంలో, పొలం చుట్టూ పంది, గొర్రె, ఎద్దులను తిప్పి రైతు చేసే ప్రార్థన మార్స్‌నే ఉద్దేశించినది. కంటికి కనిపించే, కనిపించని రోగాలను పొలం నుంచి తరమమని అందులో అడుగుతాడు. రోబిగస్ మొదట మార్స్‌కు ఉన్న ఒక రూపమేనని, తరువాత విడిపోయి సొంత దేవుడయ్యాడని కొందరు ప్రతిపాదించారు. వర్రో జాబితాలో ఆయన ఫ్లోరా పక్కన సొంత దేవుడిగా నిలబడిన తీరు చూస్తే ఈ వాదానికి అంత బలం కనిపించదు.

క్రైస్తవ కాలంలో

ఏప్రిల్ 25న రోమ్‌లో పైరు కోసం ఊరేగింపుగా వెళ్లే ఆచారం దేవుడు మారినా కొనసాగినట్టు కనిపిస్తుంది. పోప్ గ్రెగరీ కాలానికి, అంటే 6వ శతాబ్దం చివరికి, అదే తేదీన ‘లిటానియా మయోర్’ అనే పెద్ద ప్రార్థనా ఊరేగింపు జరిగేది. లూచీనాలోని సెయింట్ లారెన్స్ చర్చి దగ్గర బయలుదేరి ఫ్లామినియా దారిలో మిల్వియన్ వంతెన దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లి సెయింట్ పీటర్ చర్చికి చేరేది. క్లాడియా రహదారికి వెళ్లే పాత దారి కూడా ఆ వంతెన మీదుగానే పోతుంది. రోబిగాలియా స్థానంలోనే ఇది వచ్చిందని చాలాకాలంగా చెబుతున్నారు. ఈ మధ్య కొందరు చరిత్రకారులు దాన్ని సందేహించారు. తేదీ ఒకటే, దారిలో సగం ఒకటే, అడిగే వరమూ ఒకటే కావడం వట్టి యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టంగానే ఉంది. అదే రోజు వచ్చే సెయింట్ మార్క్ పండుగకు దీనితో సంబంధం లేదు, అది తరువాత వచ్చి చేరినది.

ఈ ఊరేగింపు యూరప్ కతోలిక పల్లెల్లో శతాబ్దాలపాటు సాగింది. పాదిరి ముందు నడవగా ఊరివాళ్లు సాధువుల పేర్లు చెప్పుకుంటూ పొలాల వెంట వెళ్లి పైరును ఆశీర్వదించేవారు. 1969లో కతోలిక సంఘం తన పంచాంగాన్ని సవరించినప్పుడు ఏప్రిల్ 25 నాటి ఊరేగింపు సార్వత్రిక నియమంగా ఆగిపోయింది. పంట కోసం ఎప్పుడు, ఎలా ప్రార్థించాలో ఆయా దేశాల బిషప్పులే నిర్ణయించుకోవచ్చని విడిచిపెట్టారు.